ఇల్లు కొనేముందు బిందె పట్టుకుని చూడండి

ఒక ఇల్లు కొని అద్దెకిచ్చేస్తే చాలు, ఒకటో తారీఖుకల్లా డబ్బు చేతిలో పడుతుందని మనలో చాలామందికి ఆశ. నాకూ ఉండేది. మా అమ్మ పెట్టిన బంగారం అమ్మి, మావారు దాచింది కలిపి 2018లో ఆత్మకూరులో రెండు పోర్షన్ల ఇల్లు కొన్నాం. పోయిన వేసవిలో ఉదయగిరిలో ఇంకోటి కొనబోయి చేతులు కాల్చుకున్నాను. అందుకే మీకు చెప్తున్నాను.

ముందు ఆత్మకూరు సంగతి. బస్సు డిపో, ఆర్డీఓ ఆఫీసు, స్కూళ్ళు ఉన్న ఊరు. బదిలీ మీద వచ్చినవాళ్ళు, పిల్లల చదువులకని పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఇళ్ళు వెతుక్కుంటూనే ఉంటారు. అయినా మా వెనక పోర్షను మూణ్ణెల్లు ఖాళీ! చూడ్డానికొచ్చిన ఒకామె, "ఇల్లు బాగుందమ్మా, నీళ్ళు ఏడనించి మోసుకోవాల?" అంది. నేను కొనేటప్పుడు గచ్చు చూశాను, రంగులు చూశాను, కుళాయి చూడలేదు. వెనక్కి వేరే కుళాయి, వేరే కరెంటు మీటరు పెట్టించాకే మనుషులొచ్చారు.

ఇక లెక్క. ఇంటికి పడింది 18 లక్షలు. పోర్షనుకు 3,000 చొప్పున ఏడాదికి 72,000. ఒక పోర్షను రెండు నెలలు ఖాళీగా ఉంటే 6,000 పోయె. ఇంటిపన్ను, సున్నాలు, మోటారు రిపేరు 12,000. మిగిలింది 54,000. అంటే నూటికి మూడు రూపాయలు! బ్యాంకులో డిపాజిట్టు వేసినా ఇంతకంటే ఎక్కువే వచ్చేది. రేపు స్థలం ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే మిగిలింది. మరి అప్పు తెచ్చి కొంటే? వడ్డీ అద్దెను మింగేస్తుంది.

ఇంత తెలిసీ, ఉదయగిరిలో చవగ్గా వస్తోందనగానే బయల్దేరాను. వింజమూరు మీదుగా బస్సు. ఊరు రాకముందే కొండ కనిపిస్తుంది, దాని మీద కోట. కృష్ణదేవరాయలంతటివాడికే ఆ కోట నెలల తరబడి ముట్టడించాక 1514లో గానీ దక్కలేదట. నేనేమో ఒక్కపూటలో ఇల్లు కొనేద్దామని వెళ్ళాను! ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు పేరున్నవి కదా, అవి కొన్నాను. ఆ సంబరంలోనే ఇల్లు నచ్చిందని 30,000 అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

బయటికొస్తుంటే పక్కింటి పెద్దావిడ నన్ను ఆపింది. "ఎండాకాలం మధ్యాహ్నం మళ్ళీ రామ్మే. నీళ్ళు లేని మేడ ఏం చేసుకుంటావ?" అంది. అప్పటికి గానీ భయం వేయలేదు. మర్నాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్వే నంబరు చూపిస్తే, అది 22ఏ జాబితాలో ఉందన్నారు. అంటే రిజిస్ట్రేషను కాదు. అవి చుక్కల భూములట. పాత రికార్డులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలే ఉంటాయి. వాటిని సరిచేసుకోవడానికి 2017లో చట్టం వచ్చింది. సరిచేయించుకున్న కాగితం అమ్మేవాళ్ళ దగ్గర ఉందా లేదా అన్నది మనమే చూసుకోవాలి. వాళ్ళ దగ్గర లేదు. మూణ్ణెల్లు తిరిగితే 20,000 చేతికొచ్చింది. మిగతా పదివేలు నా తొందరకు ఫీజు అనుకున్నాను.

అందుకని చెల్లెళ్ళూ, ఇవి గుర్తుంచుకోండి. కాగితాలు చూడందే అడ్వాన్సు ఇవ్వకండి. ఈసీ, లింకు దస్తావేజులు, 22ఏ జాబితా, మూడూ చూడాలి. అసైన్‌మెంటు భూమి అయితే 1977 చట్టం అడ్డొస్తుంది. తరవాతి సవరణలతో కొన్నింటికి వెసులుబాటు వచ్చినా, మాటలు నమ్మకుండా ఉత్తర్వు కాగితం అడగండి. మే నెల మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి కుళాయి తిప్పండి. ఆ వీధిలో ఎన్ని టులెట్ బోర్డులున్నాయో లెక్కపెట్టండి. అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంటు రాయించండి. రెండు నెలల అద్దె ఎప్పుడూ వేరే తీసిపెట్టండి, మోటారు మనతో చెప్పి కాలిపోదు కదా!

అన్నిటికంటే ముఖ్యం, ఒంటి మీది బంగారమంతా ఒక్క ఇంట్లో పోయకండి. మా అమ్మాయి పెళ్ళికని దాచిన నాలుగు సవర్లు ఆ రోజు బీరువాలో ఉండబట్టి మిగిలాయి. పర్సులో ఉంటే అవీ ఉదయగిరిలోనే ఉండేవి. ఆ చెక్క గరిటెలు మాత్రం బాగున్నాయి. పప్పు కలిపినప్పుడల్లా ఆ పదివేలు గుర్తొస్తాయి.