కడలి యడుగున నొక గడియ



మేము పుట్టినది సిరిసిల్ల, మెట్టినది కోరుట్ల, మా వారు ఉపాధ్యాయులగుటచే కాపురముండునది జగిత్యాల. ఈ మూడూళ్ళలో ఎచట నిలిచి ఏ దిక్కునకు చూచినను సముద్రము కానరాదు సరికదా, సముద్రపు గాలియైనను సోకదు. మేమెఱిగిన నీరు మానేరు, ఊరి చెఱువు, కాకతీయ కాలువ, పర్వదినములందు ధర్మపురిలో గోదావరి. ఆ గోదావరిలోనైనను మోకాటి లోతు దాటి యెన్నడును పోలేదు. అడుగు ముందునకు వేసినంతనే మా అమ్మ వెనుకనుండి కొంగు పట్టి లాగెడిది. అట్టి మేము గడచిన సంక్రాంతి సెలవులలో విశాఖపట్టణమునకు పోయి, వీపున గాలి నింపిన సిలిండరు కట్టుకొని, సముద్రములో మూడు నిలువుల లోతున నించుమించు నొక గడియ కాలముండి వచ్చితిమి. దీనిని స్కూబా డైవింగు అందురు.

ఈ యాలోచన మాది కాదు. మా అమ్మాయికి పదునాలుగేండ్లు. ఋషికొండ దగ్గఱ నీట మునుగువారి చిత్రములను సెల్‌ఫోనులో చూచి, "అమ్మా, మనము కూడ" అని వెంటబడినది. సంక్రాంతికి రైలు టిక్కెట్లు రెండు నెలల ముందే కొనవలెను గావున, కొన్న పిదప ఆ రెండు నెలలును భయపడుటకు మాకు చక్కగా సరిపోయినవి. కోరుట్లలోని మా అత్తగారు వలదందురని, ఆ నెపమున తప్పించుకొనవచ్చునని లోలోపల ఆశపడితిమి. ఆమె యనినది వేఱు. "పెండ్లి గాకముందు నేను బాయిల సొరబుర్ర కట్టుకొని ఈదినదాన్నే. పెండ్లయినంక బాయికాడికి నీళ్లు చేదెతందుకే పోయిన. నువ్వు పోయిరా బిడ్డా!" పదునెనిమిదేండ్ల కాపురములో ఆమెకు ఈత వచ్చునన్న సంగతి మేమెఱుగము. మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు.

వలదనినది మా అమ్మ. ఆమె పుట్టిన యూరు మధ్యమానేరు జలాశయములో మునిగిన ఊళ్ళలో నొకటి. మానువాడ దగ్గఱ కట్టిన ఆ జలాశయము 25 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టును. 2019వ సంవత్సరాంతమునకు అది నిండినది. మా అమ్మమ్మ యిల్లు, వాకిటి తులసికోట, పెరటిలోని రాతికట్టు బావి, అన్నియు దాని క్రిందనే యున్నవి. నాటినుండి ఆ నీటి మీది వంతెనపై బస్సు పోవునంతసేపు అమ్మ కిటికీ వైపు చూడదు. "మన ఇల్లు నీళ్లల్ల మునిగింది సాలదా? నువ్వు గూడ మునుగుతవా?" అనినది. మేము మాఱు పలుకలేదు. అమ్మకు చెప్పని మాట యిచట చెప్పెదము. ఆ యిల్లు తలపునకు వచ్చినప్పుడెల్ల మాకు చీకటియు, ఊపిరాడని తనమును తోచెడివి. కలలోను అట్లే. నీటి యడుగు నిజముగా నెట్లుండునో ఒక్కసారి కన్నులార చూడవలెనను కోరిక, అమ్మ వలదన్న తరువాతనే గట్టిపడినది.

ప్రయాణమును గూర్చి వ్రాయుటకు విశేషములు లేవు. వరంగల్లువఱకు బస్సు, సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్సు, తెల్లవారినంతట విశాఖ. మొదటి దినమున రామకృష్ణా బీచిలో కుర్‌సురా జలాంతర్గామిని చూచితిమి. 1969 మొదలు 2001 వఱకు నౌకాదళమున సేవ చేసి, 2002లో ఒడ్డునకు చేర్చబడి ప్రదర్శనశాలయైన దది. డెబ్బదిమందికి పైగా నావికులు ఆ యినుప గొట్టములో నెలలకొలది యుండెడివారట. మా కన్ను మాత్రము వంటగదిమీదనే నిలిచినది. మా యింటి దేవుని గదికంటె చిన్నది. అందు నిలుచుండి అంతమందికి మూడుపూటల వండిన మహానుభావుని తలచుకొని చేతులు జోడించితిమి.

మఱునాటి యుదయమున ఋషికొండ. మొదట నొక కాగితము నింపవలెను. ఉబ్బసము, గుండెజబ్బు, మూర్ఛ, చెవిపోటు ఉన్నవా, గర్భవతులా, ఇటీవల శస్త్రచికిత్స జరిగినదా అని ప్రశ్నలు. ఈతరాక పోయినను ఫరవాలేదట. శిక్షకుడు మొదటినుండి తుదివఱకు పట్టువిడువక వెంటనుండును. ఈ కాగితమును మాత్రము దాపఱికము లేక నింపవలెనని సోదరీమణులకు మనవి. మా వారు రక్తపుపోటునకు మందు పుచ్చుకొనుదురు. ఆ సంగతి వ్రాసినంతనే వారికి పడవలో కూర్చుండుటయే నిర్ణయమైనది. పదునైదేండ్లుగా పిల్లలకు నీటి పీడనమును గూర్చి పాఠము చెప్పుచున్నవారు అట్లు చెప్పులు, కండువాలు, మా మంగళసూత్రముల సంచి కావలి కాయవలసి వచ్చెను.

చీరతో దిగుటకు వీలులేదు. ఒంటి నంటియుండు నల్లని రబ్బరు ఉడుపు నిచ్చిరి. దానిలో దూరుటకు తల్లీకూతుండ్రము ఒకరి నొకరము లాగుకొని, చెమటలు క్రమ్మి, నవ్వు నాపుకొనలేక నేల కూర్చుంటిమి. ఈ వేషమున నలుగురిలో నడచుట యెట్లని సిగ్గు కలిగినమాట నిజము. కాని పడవ యెక్కిన పిదప ఎవరి భయము వారిది. మమ్ము చూచుటకు ఎవరికిని తీరిక లేదు.

సిలిండరులో నుండునది ప్రాణవాయువు మాత్రమే యని మేము తలచితిమి. కాదు, మన యింట మనము పీల్చు గాలినే యొత్తి యొత్తి నింపుదురు. పది మీటర్ల లోతునకు పోయిన నీటి బరువు చేత పీడనము రెట్టింపగును. ఆ లోతునకు తగిన యొత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చు పనిముట్టును నోట కఱచి పట్టవలెను. ఇట్టి దానిని 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిరువురు సిద్ధము చేసిరి. ముక్కు అద్దపు ముసుగులో మూతబడి యుండును. పీల్చుటయు విడుచుటయు నోటితోనే.

నౌకాదళమున పనిచేసిన పెద్దాయన యొకరు మాకు నియమములు చెప్పిరి. అందు మొదటిది, ఎట్టి స్థితిలోను ఊపిరి బిగబట్టరాదు. ఇది విని మేము తెల్లబోతిమి. మాకు బడిచదువు కంటె ఇంటిచదువే యెక్కువ. మా తండ్రిగారు మరమగ్గముల చప్పుడు నడుమ మమ్ము కూర్చుండబెట్టి భారత భాగవతములు చదివించిరి. శార్దూల మత్తేభములను పాదమున కొక్క యూపిరిగా తెగకుండ చదువ నేర్పిరి. ఊపిరి నిలుపుట యందు మాకు కొంత గర్వము కూడ కలదు. నీటిలో దిగుట యనగా ద్వైపాయన హ్రదమున జలస్తంభనము చేసి దాగిన సుయోధనుని వలె నుండవలెనని మా యూహ. ఇచట అది పనికిరాదు. లోతున పీల్చిన గాలి పైకి వచ్చుకొలది వ్యాకోచించును. బిగబట్టినచో ఊపిరితిత్తులకే ముప్పు. కొరియా దేశపు జేజు దీవిలో సిలిండరు లేకయే, ఊపిరి బిగబట్టి మునిగి నత్తలను సముద్రపు నాచును ఏఱి తెచ్చి సంసారము లీదిన స్త్రీలు కలరు. వారిని హెన్యో అందురు. అరువదేండ్లు దాటిన అవ్వలును వారిలో ననేకులు. వారి విద్యను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. వారు పైననే గాలి పీల్చి దిగుదురు గావున వారికి చెల్లినది. మాకు చెల్లదు.

నడుము లోతు నీటిలో సాధన చేసి పడవ యెక్కితిమి. లోతున లంగరు వేసి, మొదట అమ్మాయిని ఒక శిక్షకునితో దింపిరి. పిమ్మట మమ్ము, జాలరుల పల్లెకు చెందిన మఱియొక యువకునితో. త్రాడు పట్టుకొని దిగుచుండగా రెండు చెవులలోను సూదులు గ్రుచ్చినట్లు నొప్పి. ముక్కు రెండు వ్రేళ్ళతో మూసి మెల్లగా ఊదుమని సైగచేసెను. ఊదితిమి. లోపల టప్పుమని తెఱచుకొని నొప్పి పోయినది. ఎట్లున్నదని అతడు బొటనవ్రేలిని చూపుడువ్రేలితో చేర్చి సున్న చుట్టి యడిగెను. బాగున్నదని చెప్పుటకై మేము సంతోషముగా బొటనవ్రేలు పైకెత్తితిమి. వెంటనే మా భుజము పట్టి పైకి తీసికొనిపోయెను!

పైకి వచ్చిన పిదప తెలిసినది, నీటిలో ఆ సైగకు "పైకి పోవుదము" అని యర్థము. ఒడ్డుననే చెప్పియుండిరి. మేము మఱచితిమి. "మీరే కదమ్మా పైకి అన్నారు" అని ఆ బాలుడు నవ్వెను. మా వారు పడవనుండి వంగి, "చాలును, వచ్చేయుము. చూచితివి గదా" అనిరి. చూచినది ఏమియు లేదు. కన్నులు మూసికొనియే సగము దూరము దిగితిమని వారికేమి తెలియును? ఎక్కిపోవుట తేలిక, ఎవరును తప్పుపట్టరు. కాళ్ళు వణకుచుండెను. కాని పడవకు అవతల నీటిపైకి బుడగలు వరుసగా వచ్చుచుండెను. అవి మా పిల్ల విడిచిన ఊపిరి. అది క్రిందనే యున్నది. నోటనున్నదానిని మఱల కఱచి పట్టి, బొటనవ్రేలిని క్రిందికి చూపితిమి.

రెండవసారి కన్నులు మూయలేదు. పీల్చినప్పుడు బుస్సుమని, విడిచినప్పుడు బుడబుడమని, ఆ రెండే చప్పుళ్ళు. సిరిసిల్లలో మగ్గముల మోత వినుచు నిదురపోయిన చెవులకు అట్టి యెడతెగని లయ కొత్తది కాదు. దానిని పట్టుకొని దిగితిమి. అడుగున నిసుక, నాచు పట్టిన బండలు. పసుపు మేని మీద నల్లని చారల చేపలు గుంపుగా వచ్చి, మాకు దారియిచ్చి, మఱల కూడుకొనెను. బండ నెఱ్ఱెలలో ముళ్ళబంతుల వంటి నల్లని ప్రాణులు. నీటిలో వస్తువులు మూడవవంతు పెద్దవిగా కనబడునట. మా చేయి మాకే పెద్దక్క చేయివలె తోచెను. మణికట్టునకు వేములవాడలో కట్టించుకొన్న ఎఱ్ఱదారము వన్నె తగ్గి గోధుమరంగైనది. వెలుగులోని ఎఱుపును నీరు మొదట త్రాగివేయునని మా వారు తరువాత చెప్పిరి.

బంగాళాఖాతపు నీరు తేట కాదు. నాలుగైదు బారల కావల అంతయు పచ్చని మసక. ఐనను చీకటి లేదు. పైని అలలు కదలినప్పుడెల్ల ఎండ వలకన్నులుగా బండలమీద పాఱాడుచుండెను. యమునలో మునిగిన అక్రూరునకు భగవంతుడు కనబడెను. మాకు కనబడినది మా అమ్మాయి, ఒక బండ ప్రక్కన మోకాళ్ళమీద నిలిచి చేయి ఊపుచు. దాని చేయి పట్టుకొంటిమి. ఆ బండ చదరముగా, తులసికోట యెత్తున నున్నది. అమ్మమ్మ వాకిలి మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఊపిరి ఆడుచునే యున్నది. కంటనీరు వచ్చినను ముసుగులో తుడుచుకొనుటకు వీలులేదని అచట తెలిసినది.

పైకి వచ్చిన తరువాత విపరీతమైన ఆకలి. చెవులు సాయంకాలమువఱకు దిబ్బడగానే యుండెను. పండ్రెండు గంటలు గడువక విమాన మెక్కరాదనిరి. మా టిక్కెట్లు మఱల గోదావరి ఎక్స్‌ప్రెస్సువే గావున ఆ నియమమును నిష్ఠగా పాటించితిమి.

పండుగ వెళ్ళిన వారమునకు సిరిసిల్ల పోయితిమి. అమ్మ కోపముగా నుండునని తలచితిమి. ఆమె మాకు అన్నము వడ్డించి, ఎదుట కూర్చుండి, చాలసేపు ఏమియు అడుగలేదు. పెరుగు వేయునప్పుడు మాత్రము, "అడుగుకు ఎలుతురు పోతదా బిడ్డా?" అనినది.

"పోతది. మూడు నిలువులదాక మేము చూచితిమి" అంటిమి. మానేటి నీరు ఎంత లోతో, ఎంత మసకో మేము చెప్పలేదు, ఆమె యడుగలేదు. కొంతసేపటికి, ఎండకాలము నీరు దిగినప్పుడు ఊరి గోడలు కొన్ని తేలునని ప్రక్కయింటివారు చెప్పినారనియు, ఈసారి మే నెలలో తనను అచటికి తీసికొనిపొమ్మనియు మా వారితో చెప్పినది.