బండి కింద చప్పుడు

మా ఇంటి నుంచి హోసూరు బస్టాండుకు పోయేలోగా ఆరు స్పీడు బ్రేకర్లున్నాయి. 2025 సంక్రాంతి వెళ్ళిన వారం నుంచి మా మారుతి 800 ఆ ఆరింటి మీదా ‘టక్’మని మూలగడం మొదలుపెట్టింది. ఎవరో కింద కూర్చుని చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసినట్టు ఉండేది. మొదట డిక్కీలో జాకీ కదులుతోందనుకుని దానికి గోనెసంచి చుట్టాను. చప్పుడు పోలేదు. నంబరు ప్లేటు వదులైందేమోనని స్క్రూలు బిగించాను. పోలేదు. చివరికి రేడియో పెట్టాను. అప్పుడు పోయింది!

నవ్వకండి. పాత బండి ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ వైద్యం చేసినవాడే.

ఈ బండిని మా నాయన 1997 ఆగస్టులో కొన్నారు. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పయి ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, ఆ ఏడే 58 నిండి రిటైరయ్యారు. చేతికి వచ్చిన డబ్బులో కొంత తీసి తెల్ల మారుతి తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. అప్పటినుంచి మా వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు, చావులకు, పిల్లల పరీక్షలకు అదే బండి. 2011లో పోయేదాకా ముందు సీటు మా అమ్మది. నాయన స్టీరింగు వదిలి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు నడిపేది నేను. అమ్మ సీట్లో కూర్చునేది ఆయన. ఆయనకు 86 ఏళ్ళు. నెలకొక ఆదివారం బాగలూరు మీదుగా బేరికె వెళ్ళి మా అత్తను, అంటే తన చెల్లెలిని, చూసి రావడం ఆయనకు మిగిలిన ఒకే ఒక ప్రయాణం.

చప్పుడు ఎక్కడిదో చెప్పింది మా మెకానిక్కే. టీ తాగుతూ రోడ్డు మీద నిలబడి, నేను వచ్చే తీరు చూసి, “సార్, బుష్షు పోయింది. ఒకరోజు తెండి, చూస్తాను” అన్నాడు. నేను సరేనన్నాను. అన్నది ఫిబ్రవరిలో. తీసుకుపోయింది అక్టోబరులో.

బుష్షంటే ఏమిటో అప్పటిదాకా నాకూ సరిగా తెలియదు. చక్రాన్ని బండి చట్రంతో కలిపే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. దాన్ని లోయర్ ఆర్మ్ అంటారు. గుంతా మెట్టా వచ్చినప్పుడల్లా అది పైకీ కిందికీ ఆడాలి. ఇనుమును నేరుగా ఇనుముకు బిగిస్తే మోతా, అరుగుదలా. అందుకని ఆ కీలులో రబ్బరు పెడతారు. మామూలుగా లోపల ఒక గొట్టం, బయట ఒక గొట్టం, రెంటికీ మధ్య అంటుకున్న మందపాటి రబ్బరు. బుష్షంటే ఇంతే. చెయ్యి ఆడినప్పుడు రబ్బరు కాస్త మెలిపడి, మళ్ళీ తన చోటికి వస్తుంది. దానికి నూనె అక్కరలేదు, గ్రీజు అక్కరలేదు. పైగా చప్పుడు పోతుందని ఇంజను ఆయిలు పోస్తే, మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడి ఇంకా తొందరగా చెడుతుంది. ఇది నాకు ముందే తెలిసి ఉంటే మార్చి నెలలో ఒక చెంచాడు ఆయిలు మిగిలేది.

ఇంకొక సంగతి ఏమిటంటే, బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరుకు వయసు వస్తూనే ఉంటుంది. వేడికీ, గాలిలోని ఓజోనుకూ అది గట్టిపడి పగుళ్ళిస్తుంది. మా బండి 28 ఏళ్ళలో లక్ష కిలోమీటర్లు కూడా తిరగలేదు. “తక్కువ తిరిగింది, ఇంకేమవుతుంది?” అని నేను ధైర్యంగా ఉన్నాను. తిరగని బండికి ఇంజను మిగులుతుందేమో గాని రబ్బరు మిగలదు.

ఎనిమిది నెలలు ఎందుకు ఆలస్యం చేశానంటే, ఏమాటకామాట చెప్పుకోవాలి, డబ్బు లేక కాదు. లెక్క కుదరక. ఒక కవరు వెనక రాసుకున్నాను. బండిని అమ్మితే పాతిక వేలో, ముప్పయి వేలో. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. మా బండి రిజిస్ట్రేషను 2027 ఆగస్టుతో ముగుస్తుంది. 20 ఏళ్ళు దాటిన కార్లకు ఆ పునరుద్ధరణ రుసుమును 2025 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ 5 వేల నుంచి 10 వేలకు పెంచింది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో, “దానికి ఇంకా ఖర్చు పెడతావా నాన్నా? తాతయ్యకు కావాలంటే నేను టాక్సీ పెడతాను” అంటాడు. వాడు చెప్పిందీ తప్పు కాదు. ఆ కవరు వెనక నేను రాయని అంకె ఇంకొకటి ఉంది. అది రాయలేదు గాని, దాన్ని మనసులో పెట్టుకునే మిగతావన్నీ కూడాను.

సెప్టెంబరు ఆఖరులో కృష్ణగిరి దారిలో ముందున్న లారీ హఠాత్తుగా ఆగింది. నేను బ్రేకు తొక్కాను. బండి నిలిచింది గాని, నిలిచేముందు ఎడమకు ఒక్క లాగు లాగింది. నాయన చెయ్యి డాష్‌బోర్డు మీద పడింది. ఆయన ఏమీ అనలేదు. నేను మాత్రం ఇక రేడియో వైద్యం చాలనుకుని, మర్నాడు కాక మూడో నాడు బండిని షెడ్డుకు తీసుకుపోయాను. ఇంట్లో తోచడం లేదని నాయన కూడా వచ్చారు.

మెకానిక్కు ముందు చక్రాలు రెండూ లేపి, పొడుగాటి ఇనుప కమ్మి ఒకటి ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య దూర్చి నొక్కాడు. కుడివైపు కొంచెం కదిలింది. ఎడమవైపు వేలెడంత జరిగి ‘టక్’మంది. ఎనిమిది నెలలుగా వింటున్న నా చప్పుడే! రబ్బరు ఒక పక్క పూర్తిగా చిరిగిపోయింది. టైరు తిప్పి లోపలి అంచు చూపించాడు. బయట గళ్ళు బాగానే ఉన్నాయి, లోపలి అంచు నున్నగా బోడి అయింది.

“చప్పుడు ఒక్కటే అయితే కొన్నాళ్ళు వదిలెయ్యచ్చు సార్. ఇది చిరిగిపోయింది. బ్రేకు తొక్కినప్పుడంతా చక్రం వెనక్కి జరుగుతాంది. అందుకే బండి లాగేది” అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, “ఇంగెన్నేండ్లు పెట్టుకుంటారు దీన్ని? అది చెప్తే ఏమేమి మార్చల్లనో నేను చెప్తాను” అని అడిగాడు.

మెకానిక్కు అడగవలసిన ప్రశ్నే. ఏ మంచి మెకానిక్కైనా అదే అడుగుతాడు. నేను ఆలోచించకుండా, “ఒకటి రెండేండ్లప్పా. అంతకంటే అవసరముండదు” అన్నాను.

అని తల తిప్పాను. నాయన నాలుగు అడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని పేపరు చూస్తున్నారు. ఆయనకు కాస్త చెవుడు. పేపరు తిప్పలేదు, తల ఎత్తలేదు.

ఆ ఆదివారం బేరికె వెళ్ళే రోజు. శనివారం సాయంత్రం ఆయన నాతో, “రేపు నేను బస్సులో పోతాలే. నీకెందుకు పని చెడగొట్టుకోవడం” అన్నారు. బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవలసిన మనిషి! నేను ఏదో సర్దిచెప్పి ప్రయాణం వాయిదా వేశాను. రాత్రి మా ఆవిడ, “ఆ రోజు షెడ్డులో ఏమన్నారు మీరు?” అని అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “మామయ్యకు చెవుడంటే, వినకూడనివి కూడా వినబడవని కాదు” అంది.

నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి కాఫీ ఇస్తూ ఆయన పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు. “బుష్షులు మార్పిస్తాను నాయనా” అన్నాను.

ఆయన కాఫీ చల్లారేదాకా ఊరుకుని, “ఈ బండి తెచ్చిన రోజు మీ అమ్మ కూడా అదే అడిగింది. రిటైరైన మనిషికి కారెందుకు, ఎన్నాళ్ళు తిరుగుతామని. నేనేం చెప్పేది? నాకు తెలిస్తే కదా! ఆమె పధ్నాలుగేండ్లు తిరిగింది దాంట్లో” అన్నారు. ఇంకొక గుక్క తాగి, “చిరిగిపోయిందని కండ్లారా చూసినావు గదా. చూసినాక బాగు చెయ్యల్ల. ఎన్నాళ్ళకు అనేది మన లెక్క కాదు” అన్నారు. అంతే. మళ్ళీ పేపరు తీసుకున్నారు.

అయినంత మాత్రాన ఉన్నవన్నీ మార్చాలని కాదు. పాత బండితో ఇదొక చిక్కు. ఒకటి విప్పితే దాని పక్కది పిలుస్తుంది, అది విప్పితే ఇంకొకటి. మెకానిక్కూ నేనూ కూర్చుని మూడు వరసలు రాసుకున్నాం. ప్రాణానికి సంబంధించినవి ఇప్పుడే. ముందు రెండు ఆర్మ్‌లు, వాటి బుష్షులు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ బారు రబ్బర్లు. కుడిది ఇంకా పూర్తిగా పోలేదు గాని, ఒక పక్క కొత్త రబ్బరు, ఒక పక్క పాతది పెడితే బండి రెండు తీర్లుగా నడుస్తుంది. కనుక జోడీగానే మార్చాలి. రెండో వరస, కనిపెట్టి ఉండవలసినవి: వెనక లింకుల బుష్షులు, పైన సన్నటి పగుళ్ళే గాని ఆట లేదు. మూడోది, ముట్టుకోనక్కరలేనివి: షాకబ్జార్బర్లు. బండిని మూలన నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడింది, ఆయిలు కారడం లేదు. పాలియురేథేన్ బుష్షులు వేస్తే ఎక్కువకాలం వస్తాయని మా అబ్బాయి చెప్పాడు. నిజమే. కాని అవి గట్టివి, రోడ్డు అదురు లోపలికి తెస్తాయి, ఒక్కోసారి కిర్రుమంటాయి. 86 ఏళ్ళ నడుముకు మెత్తటి రబ్బరే మేలనుకున్నాం.

సామాన్లకు బెంగుళూరు జె.సి. రోడ్డుకు వెళ్ళాను. మూడు దుకాణాలు తిరిగి తయారీ తేదీ చూసి తీసుకున్నాను. పదేళ్ళు అల్మారాలో ఉన్న రబ్బరు కొత్తదే అయినా కొత్తది కాదు. అన్నీ, కూలీ, వీల్ అలైన్‌మెంటు కలిపి ఏడున్నర వేలయింది. అరిగిన టైరు మార్పు వేరే.

షెడ్డులో ఒక్క పని మాత్రం నేను నిలబడి చేయించాను, చదువరులూ గుర్తుంచుకోండి. కొత్త బుష్షుల బోల్టులను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. అప్పుడు చక్రాలు వేలాడుతుంటాయి. అలాగే బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి, నిలబడి ఉన్నంతసేపూ అలాగే నలిగి తొందరగా చిరుగుతుంది. బండిని నేల మీదికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. నేను చెప్పబోయేలోగా మెకానిక్కే, “తెలుసు సార్, దించినాకే బిగిస్తా” అని నవ్వాడు.

మరుసటి ఆదివారం బేరికె బయలుదేరాం. ఆరు స్పీడు బ్రేకర్లూ దాటాం. చప్పుడు లేదు. బాగలూరు దాటాక రోడ్డు బాగాలేని చోట నేను కావాలనే రేడియో ఆపేశాను. నాయన చెవి ఒగ్గి విని, “వెనక డోరు దడదడమంటాంది, విన్నావా?” అన్నారు. అది ఎన్నాళ్ళ నుంచి ఉందో! పెద్ద చప్పుడు పోయాక చిన్నది వినబడింది. ఆయన చెవుడు గురించి మా ఆవిడ చెప్పింది నిజమే.

అత్త ఇంట్లో భోజనాలయ్యాక తిరిగి వస్తూ ఆయన అడిగారు, “రిజిస్ట్రేషను ఎప్పటిదాకా ఉందిరా?”

“2027 ఆగస్టు దాకా నాయనా.”

“పది వేలంటివే. ఇప్పటి నుంచే నెలకింత పక్కన పెట్టు. ఆ నెలలో తడుముకోవద్దు.”

సరేనన్నాను. ఇంటికి రాగానే ఆ కవరు వెతికి చించేసి, కొత్త కాగితం మీద ఆ తేదీ రాసి, బీరువా తలుపు లోపల అంటించాను.