కొండదారిలో సైకిలు, స్టెంటు వేసిన గుండె

సైకిలుకు గేర్లు ఎవరి కోసం? ఆన్రీ దెగ్రాంజ్ అనే ఫ్రెంచి పాత్రికేయుడు ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాడు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని ప్రారంభించినవాడాయన. నలభై అయిదేళ్ళు దాటిన వారికే గేర్లు తగునని, మిగిలిన వారు సొంత కండబలంతో కొండ ఎక్కాలని ఆయన మతం. గేర్లు మార్చే సాధనాన్ని ఆ పందెంలోని ప్రధాన పోటీదారులకు 1937 వరకు అనుమతించలేదు. ఆయన ఎగతాళిగా అన్న మాటను నేను వైద్యసలహాగా స్వీకరించాను. నలభై అయిదు దాటి మరో పాతికేళ్ళు పైబడ్డాయి నాకు. ఒక హృదయ ధమనిలో స్టెంటు కూడా ఉంది. గేర్లు లేకపోతే ఆర్దెష్ కొండలను నేను కారు కిటికీలోంచే చూసి వచ్చేవాడిని.

ఆర్దెష్ దక్షిణ ఫ్రాన్సులో రోన్ నదికి పడమటి ఒడ్డున ఉన్న జిల్లా. పాతరోజులలో ఆ ప్రాంతాన్ని వివారే అనేవారు. మొంగోల్ఫియే సోదరులు 1783 జూన్ 4న వేడిగాలి బుడగను జనం ఎదుట ఎగురవేసిన అనొనే పట్టణం ఆ జిల్లాలోదే. మా అమ్మాయి ఉద్యోగరీత్యా లియోన్ నగరంలో ఉంటుంది. అక్కడి నుంచి రోన్ నది వెంట దక్షిణంగా వస్తే టూర్నోన్ పట్టణం తగులుతుంది. నది ఒడ్డున రాతి కోట, ఆవలి ఒడ్డున ఎర్మితాజ్ ద్రాక్షతోటలు. మేము సైకిళ్ళు ఎక్కింది అక్కడే. దూ అనే చిన్న నది లోయలోకి మళ్ళి, బుసియూ, సేంట్ ఫెలిసియెన్ మీదుగా లాలువే వరకు మూడు రోజుల ప్రయాణం. బలమైన కుర్రవాడు ఒక పూటలో పూర్తిచేస్తాడు. మాకు తొందర లేదు.

ఈ ప్రయాణానికి ముందు ఇంట్లో జరిగిన చర్చ మీలో చాలామంది ఇళ్ళలో కూడా జరుగుతూనే ఉంటుంది. స్టెంటు వేసిన నాటి నుంచి ఇంటిల్లిపాదీ నన్ను గాజుబొమ్మలా చూడసాగారు. సంచీ మోయకూడదు, మెట్లు ఎక్కకూడదు, సైకిలు ముట్టుకోకూడదు. నా రోగులు ఎందరో ఇదే ప్రేమకు బందీలై, రెండేళ్ళలో తొడకండలు కరిగిపోయి, కుర్చీలోంచి లేవడానికి చేయూత కోరడం నేను చూశాను. వైద్యశాస్త్రం చెప్పేది దీనికి భిన్నంగా ఉంది. హృద్రోగానికి చికిత్స పొందిన వారు పర్యవేక్షణలో క్రమంగా వ్యాయామం చేస్తే హృద్రోగ మరణాలూ, మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసిన అవసరమూ తగ్గుతాయి. అందుకని నేను హృద్రోగ నిపుణుని కలిసి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, ఆయన సరేనన్నాక ఆరు నెలలు మా ఊరి ఫ్లైఓవరు మీదే రోజూ ఉదయం ఎక్కుతూ దిగుతూ సాధన చేశాను. మా ఊళ్ళో అంతకు మించిన కొండ లేదు.

కొండ ఎక్కడం గుండెకు ఎంత భారమో లెక్క వేయవచ్చు. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలనుకుందాం. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే వాలులో గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్ళడానికి సుమారు 90 వాట్ల శక్తి కావాలి. అదే వాలులో గంటకు 10 కిలోమీటర్లు వెళ్ళాలంటే 150 వాట్లు దాటుతుంది. కొండ అదే, మనిషి అతడే. భారం పెరిగింది వేగం వలన. ముందు 30 పళ్ళ చక్రం, వెనుక 36 పళ్ళ చక్రం ఉంటే, ఆ 6 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి సుమారు 57 సార్లు పెడలు తిప్పితే చాలు. పెద్ద గేరులో నిమిషానికి 35 సార్లు ఈడ్చి తొక్కే వారికి మోకాలిచిప్ప వెనుక ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. కీళ్ళనొప్పులున్న వారికి సైకిలు మంచిదని నేనే చెబుతుంటాను. అది చిన్న గేరు విషయంలోనే నిజం. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి.

ఈ లెక్క వేస్తున్నప్పుడు నాకు రొబేర్ మార్షాన్ గుర్తుకువచ్చాడు. 1911లో పుట్టిన ఈ ఫ్రెంచి సైకిలిస్టు చిన్ననాటి అభిరుచిని వదిలేసి, 68 ఏళ్ళ వయస్సులో మళ్ళీ సైకిలెక్కాడు. నూరేళ్ళ వయస్సులో గంటలో 24 కిలోమీటర్లకు పైగా తొక్కి రికార్డు నెలకొల్పాడు. 102వ ఏట దానిని తానే 26.927 కిలోమీటర్లకు పెంచాడు. ఆర్దెష్ కొండలలోనే ఒక కనుమకు ఆయన పేరు పెట్టారు. వెరొనీక్ బియ్యా అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఆయనకు 101వ ఏట నుంచి రెండేళ్ళు శిక్షణ ఇప్పించి పరీక్షించింది. ఏడాదికి సుమారు 5,000 కిలోమీటర్లు. అందులో ఎనభై శాతం తేలికగా, ఇరవై శాతం మాత్రమే కష్టపడి. రెండేళ్ళ చివర ఆయన శరీరం వినియోగించుకోగల గరిష్ఠ ప్రాణవాయువు పరిమాణం కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగింది. గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125కు చేరింది. మామూలుగా నడివయస్సు నుంచి దశాబ్దానికి పది శాతం చొప్పున తగ్గుతుందని మేము పాఠంగా చదువుకున్న కొలత అది. నూరేళ్ళు దాటాక పెరిగిందంటే, ఒకే ఒక్క మనిషిపై జరిగిన పరిశీలనే అయినా, నాలాంటి వాడికి ఆలోచించవలసిన విషయమే.

ఇక నాడి సంగతి. పడుచువాళ్ళు చేతికి గడియారం కట్టుకుని గుండెవేగం చూసుకుంటూ తొక్కుతారు. నేను మెటోప్రొలాల్ వాడుతాను. బీటా అవరోధకాలు వాడే వారిలో ఎంత శ్రమపడినా నాడి అంతగా పెరగదు. గడియారం 105 చూపిస్తే తేలికగా ఉందనుకోవడం ప్రమాదం. అందుకని మాట్లాడుతూ తొక్కడమే నా కొలమానం. పక్కన తొక్కుతున్న అల్లుడితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే సరైన శ్రమ. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం తగ్గించాలి. ఛాతీలో బిగువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, ఇవేమైనా కలిగితే దిగి కూర్చోవాలి. సర్దుకుంటుందిలే అని మరో మలుపు తిరగకూడదు. ఇక్కడికి ఆగ్నేయంగా ఉన్న వాంతూ పర్వతం మీద 1967 జులై 13న టామ్ సింప్సన్ అనే పందెగాడు 29 ఏళ్ళకే కూలిపోయి మరణించాడు. మండుటెండ ఒక కారణం. అలసటను తెలియనివ్వని ఆంఫెటమిన్ మందు ఆయన ఒంట్లో ఉండటం మరొకటి.

మా ఆవిడ విద్యుత్ సైకిలు తీసుకుంది. ఐరోపా నిబంధనల ప్రకారం ఆ మోటారు 250 వాట్లకు మించదు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆపేస్తుంది, పెడలు తిప్పకపోతే కదలదు. ప్రతి మలుపులోనూ నా కోసం ఆగి, పూలు చూస్తూ నిలబడేది. అది వ్యాయామం కాదని ఎవరైనా అంటే నమ్మకండి. గుండె, ఊపిరితిత్తులు తగినంత పనిచేస్తాయి. మోకాళ్ళు అరిగిన వారికి నేనిప్పుడు ధైర్యంగా సిఫార్సు చేస్తున్నాను.

ఇక్కడి పాత ఊళ్ళలో చాలా వాటిని శత్రుభయంతో ఎత్తు మీద కట్టారు. అందుచేత రోజంతా తొక్కి అలసిన కాళ్ళకు చివరి కిలోమీటరే అన్నిటికంటే నిటారు, అదీ రాళ్ళు పరచిన సందు. నేను ప్రతిసారీ దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. బుసియూ మాత్రం నది పక్కన ఒదిగిన ఊరు. ఒకప్పుడు రాజప్రతినిధి కొలువుతీరిన స్థలమట, ఇప్పుడు మధ్యాహ్నం పిల్లి తప్ప ఎవరూ కనిపించరు. బేకరీలు కూడా మధ్యాహ్నం మూసేస్తారు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా సల్ఫొనైల్‌యూరియా మందులు వాడే వారు దీన్ని గుర్తుంచుకుని, జేబులో చక్కెరబిళ్ళలు ఉంచుకోవాలి. బీటా అవరోధకాలు కూడా వాడుతుంటే చక్కెర పడిపోయినప్పుడు కలిగే గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. శ్రమ చేసిన రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. నీటి విషయంలో స్థానికులు ఒక కిటుకు చెప్పారు: ఏ ఊళ్ళోనైనా శ్మశానంలో కుళాయి ఉంటుంది. తాగడానికి పనికిరాదని బోర్డు లేదని చూసుకుని రెండు సీసాలూ అక్కడే నింపుకున్నాం. వయస్సు మళ్ళిన వారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది కనుక నేను పావుగంటకొకసారి రెండు గుక్కలు తాగుతూ వెళ్ళాను. ఈ ప్రాంతానికి దగ్గరలోని సేంట్ ఎతియెన్‌లో ఉండిన పోల్ ద వివీ అనే శాకాహారి, గేర్ల సైకిలుకు తొలి ప్రచారకులలో ఒకడు, నూరేళ్ళ కిందటే దాహం కాకముందే తాగమని తన పాఠకులకు బోధించాడు.

ఏటా జూన్‌లో వేలమంది సైకిలిస్టులు చేరే ఊరు సేంట్ ఫెలిసియెన్. మేము సెప్టెంబరులో వెళ్ళాం కనుక చెస్ట్‌నట్ చెట్ల నీడ, మేము తప్ప దారిలో జనం లేరు. అక్కడి పురపాలక కార్యాలయం గోడకు గుండె ఆగినప్పుడు విద్యుత్‌ఘాతం ఇచ్చే పెట్టె తగిలించి ఉంది. మా అమ్మాయి దాన్ని వాళ్ళ అమ్మకు చూపించింది. ఆ పూట నుంచి ఆవిడ ప్రతి ఊళ్ళోనూ ఆ పెట్టె ఎక్కడుందో వెతికింది. 2007 నుంచి ఫ్రాన్సులో ఆ పెట్టెను ఎవరైనా వాడవచ్చు, వైద్యుడే కానక్కరలేదు. అత్యవసరానికి అక్కడ 15 నంబరు, లేదా 112. మన 108 వచ్చేలోపు ఛాతీ నొక్కడం తెలిసినవారు మీ వీధిలో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి.

లాలువే వెయ్యి మీటర్లకు పైన ఉన్న తీర్థక్షేత్రం. పేరు రాతలో చివర ఇంకో రెండు హల్లులున్నా పలకరు. పల్లెలు తిరిగి బోధించిన రెజిస్ అనే క్రైస్తవ సన్యాసి చలిలో జబ్బుపడి 1640లో కన్నుమూసింది ఇక్కడే. పైన మాకు కూడా చలి వేసింది. చెమటపట్టిన చొక్కాతో కొండ దిగితే శరీరం చల్లబడి వేళ్ళు కొంకర్లుపోతాయి, బ్రేకు నొక్కలేము. పొడి బనియను మార్చుకుని, పైన గాలి చొరని కోటు వేసుకుని దిగాం. నేను ఆస్పిరిన్ వాడుతున్నాను; రక్తం గడ్డకట్టకుండా మందులు వాడే వారికి తలకు చిన్న దెబ్బ కూడా లోపల రక్తస్రావం కావచ్చు. ఫ్రాన్సులో పన్నెండేళ్ళు దాటిన వారికి హెల్మెట్ తప్పనిసరి కాదు. నాకు తప్పనిసరి. ఎక్కడానికి రెండున్నర గంటలు పట్టిన దారి దిగడానికి నలభై నిమిషాలే పట్టింది. ఆ నలభై నిమిషాలలో మాత్రం అల్లుడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.