సగం బిళ్ళ

మా మదరసాలో నా గది గోడ అలమరలో ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో కట్టు కట్టే గుడ్డ, దూది, దగ్గు మందు సీసా, వాము పొట్లం, వాటితోపాటు నీటిలో వేస్తే బుసబుస నురగ లేచి కరిగిపోయే తెల్లని బిళ్ళలు ఉండేవి. ఇరవై ఆరు సంవత్సరాలుగా ఆ అలమర తాళంచెవి నా జేబులోనే ఉన్నది. ఎనిమిదేళ్ల నుంచి పదిహేనేళ్ల వయసు గల పిల్లలు అరవై మందికి పైగా మా వసతిగృహంలో ఉంటారు. తల్లిదండ్రులు వారిని మాకు అమానతుగా అప్పగించి వెళతారు. అర్ధరాత్రి ఎవరికైనా ఒళ్లు కాలిపోతుంటే పక్క పడకలోని పిల్లలు వచ్చి తట్టేది నా తలుపే. నేను లేచి, బిళ్ళను సగానికి విరిచి, గ్లాసెడు నీళ్లలో వేసేవాడిని. ఆ నురగను చూడటానికి జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడు కూడా మెడ చాచేవాడు. బిస్మిల్లాహ్ చెప్పించి తాగించేవాడిని. ఫజర్ నమాజు వేళకు చెమట పట్టి జ్వరం దిగేది. 'మౌలానా చేతి మందు' అని పేరు కూడా వచ్చింది. ఆ పేరు నాకు ఇష్టం లేదని అంటే అబద్ధమాడినట్లవుతుంది.

గత చలికాలంలో తొమ్మిదేళ్ల పిల్లవాడొకడికి జ్వరం వచ్చి, మరునాటికి ఒంటినిండా నీటిపొక్కులు లేచాయి. చికెన్‌పాక్స్, మా వైపు ఆటలమ్మ అంటారు. పడకను వేరు గదిలోకి మార్పించి, రాత్రి సగం బిళ్ళ, ఉదయం సగం బిళ్ళ చొప్పున రెండు రోజులు ఇచ్చాను. మూడవనాడు మా పెద్దమ్మాయి సెలవుపై ఇంటికి వచ్చింది. ఆమె నర్సింగు చదివి ఆసుపత్రిలో పనిచేస్తున్నది. పిల్లవాడిని చూడటానికి వచ్చి, మంచం పక్కన పడి ఉన్న బిళ్ళ రేకును తీసి వెనక్కి తిప్పి చదివింది.

"అబ్బా, ఇది ఎన్నిసార్లు ఇచ్చారు?"

"నాలుగుసార్లు. ఎందుకమ్మా?"

"ఇది ఆస్పిరిన్. ఆటలమ్మ వచ్చిన పిల్లలకు, ఫ్లూ జ్వరం వచ్చిన పిల్లలకు దీన్ని ఇవ్వకూడదు."

నాకు కోపం వచ్చింది. "ఇరవై ఆరేళ్లుగా ఇస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఆగి, మెల్లగా అన్నది: "ఏమీ కాలేదని మీకెలా తెలుసు అబ్బా? జ్వరం తగ్గగానే పిల్లలను ఇంటికి పంపించేస్తారు కదా."

ఆ మాటకు నా నోట జవాబు రాలేదు. ఎందుకంటే ఆ క్షణంలోనే నాకొక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

పద్నాలుగేళ్ల కిందటి మాట. పదకొండేళ్లవాడు, మంచి కంఠం, అమ్మ పారాను తప్పు లేకుండా అప్పగించేవాడు. ఆ ఏడు పిల్లలందరికీ వరుసగా జలుబు, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. వాడికీ వచ్చాయి, తగ్గాయి. నాలుగు రోజులు ఇంట్లో ఉండి తేరుకుంటాడని తండ్రిని పిలిపించి పంపాను. జ్వరం మళ్లీ తిరగబెడితే ఇవ్వమని నాలుగు బిళ్ళలు కాగితంలో చుట్టి నేనే ఆయన చేతిలో పెట్టాను. ఇంటికి చేరిన రెండవనాడు వాంతులు మొదలయ్యాయట. ఆగలేదట. ఆ తర్వాత వాడు కన్నతల్లిని గుర్తుపట్టక అరిచాడట. పట్నం ఆసుపత్రికి చేర్చేసరికే స్పృహ లేదు. మెదడువాపు జ్వరమన్నారు. జనాజా నమాజు నేనే చేయించాను. ఏ మందులు వేశారని ఆనాడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. చెప్పాలని మాకూ తోచలేదు.

ఆ సంగతి మా అమ్మాయికి చెప్పాను. ఆమె తొందరపడి ఏ తీర్పూ ఇవ్వలేదు. కానీ తన పుస్తకాలు తెచ్చుకుని, సెలవున్నన్ని రాత్రులు ఇషా తర్వాత నా ఎదుట కూర్చుని చదివి, తెలుగులో చెబుతూ వచ్చింది. నేను శిష్యుడిలా రాసుకున్నాను. ఆ కాగితాలలోనివే ఈ మాటలు.

ఆ వ్యాధి పేరు రైస్ సిండ్రోమ్. డగ్లస్ రై అనే ఆస్ట్రేలియా వైద్యుడి పేరు మీద వచ్చింది. ఆయన సిడ్నీ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో పనిచేసే రోగనిర్ధారణ శాస్త్రవేత్త. అంటే చనిపోయిన పిల్లల అవయవాలను పరీక్షించి కారణం వెదకేవాడు. 1951 నుంచి 1962 వరకు ఆ ఆసుపత్రికి ఒకే రకం లక్షణాలతో వచ్చిన 21 మంది పిల్లల వివరాలను ఆయన, మరి ఇద్దరు వైద్యులు కలిసి 1963లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. వారిలో 17 మంది బతకలేదు. చిన్న జ్వరం, జలుబు వంటిది వచ్చి తగ్గుముఖం పట్టడం, ఆ వెంటనే ఎడతెగని వాంతులు, మాటలో తేడా, మూర్ఛ, అపస్మారకం. లోపల చూస్తే మెదడు వాచి ఉన్నది. కాలేయం నిండా కొవ్వు పేరుకుని పసుపు రంగుకు తిరిగి ఉన్నది. సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలోని ఉత్తర కరోలినాలో ఫ్లూ వ్యాపించినప్పుడు ఇటువంటి మరణాలనే మరొక వైద్యుడు నమోదు చేశాడు.

వ్యాధి కనబడింది గాని దాని వెనుక ఏమున్నదో చాలాకాలం తేలలేదు. 1978 చివర అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫ్లూ వ్యాపించినప్పుడు ఈ వ్యాధి బారినపడిన ఏడుగురు పిల్లలను కారెన్ స్టార్కో అనే వైద్యురాలు, ఆమె సహచరులు తీసుకున్నారు. వారితోపాటే ఫ్లూ వచ్చి మామూలుగా కోలుకున్న 16 మంది సహాధ్యాయులనూ తీసుకున్నారు. జ్వరంలో ఏ మందులు వాడారన్నది ఇరువైపులా పోల్చి చూశారు. జబ్బు ముదిరిన ఏడుగురూ ఆస్పిరిన్ జాతి మందు తీసుకున్నవారే. కోలుకున్న 16 మందిలో ఎనిమిది మంది మాత్రమే తీసుకున్నారు, అదీ తక్కువ మోతాదులో. 1980లో ఈ పరిశీలన వెలువడింది. ఇంత చిన్న ప్రశ్న: ఏ మందు ఇచ్చారు? నన్ను ఆ కాగితాల ముందు ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే.

ఇతర రాష్ట్రాల పరిశీలనలూ అటే చూపాయి. 1982లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి ప్రజలను హెచ్చరించాడు. మందుల తయారీదారులు ఒప్పుకోక వాదించారు. పెట్టెల మీద హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి అయ్యేసరికి 1986 వచ్చింది. ఆ నడుమ గడిచిన సంవత్సరాలలో ఎందరు తల్లులు తెలియక ఆ బిళ్ళ వేసి ఉంటారో! అదే 1986లో బ్రిటన్ 12 ఏళ్లలోపు పిల్లలకు ఆస్పిరిన్ వద్దన్నది. 2002లో ఆ హద్దును 16 ఏళ్లకు పెంచింది. ఫలితం అంకెలలోనే ఉన్నది. అమెరికాలో 1979–80లో 555 మంది పిల్లలకు ఈ వ్యాధి వచ్చినట్లు నమోదయింది. 1994 నుంచి 1997 వరకు చూస్తే ఏడాదికి ఇద్దరికి మించలేదు. టీకా లేదు, కొత్త ఔషధం లేదు. ఒక బిళ్ళ ఇవ్వడం మానుకున్నారు, అంతే.

ఒంట్లో జరిగేదేమిటంటే, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలు దెబ్బతింటాయి. కాలేయం తన పని చేయలేక అమోనియా అనే విషం రక్తంలో పేరుకుంటుంది, రక్తంలో చక్కెర పడిపోవచ్చు, మెదడు వాస్తుంది. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు. ఆస్పిరిన్ వేసుకున్న ప్రతి పిల్లవాడికీ రాదు, లక్షలలో ఏ ఒక్కరికో వస్తుంది. ఆస్పిరిన్ లేకుండానే వచ్చినవారూ ఉన్నారు. పూర్వం ఈ పేరు పెట్టిన పిల్లలలో కొందరికి పుట్టుకతో వచ్చిన జీర్ణరసాయన లోపాలున్నట్లు తరువాత తేలింది. మా అమ్మాయి ఈ మాటలను నొక్కి చెప్పింది, నా ముఖం చూసి కాబోలు. మెదడువాపుకు వందదారులున్నాయని కూడా చెప్పింది. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు అటువంటి జబ్బు వచ్చి 183 మంది మరణించినప్పుడు, పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలలో బయటపడింది చండీపురా అనే వైరస్.

అయితే ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పిల్లవాడు ఉన్నట్లుండి మనుషులను గుర్తుపట్టక, కోపంతో అరుస్తూ, మత్తుగా పడిపోతుంటే మన ఇళ్లలో మొదట అనేమాట 'నజర్ తగిలింది' లేక 'గాలి సోకింది' అని. ఊదించడానికి నా వంటివారి దగ్గరకే తెస్తారు. అది గంటలతో పోటీపడే వ్యాధి. ఎంత త్వరగా పెద్దాసుపత్రికి చేరితే అంత మేలు. ఇప్పుడు నా దగ్గరకు పిల్లలను తెస్తే ముందు అడిగేది, ఈమధ్య జ్వరం గాని పొక్కులు గాని వచ్చి తగ్గాయా, వాంతులు అవుతున్నాయా, ఏ బిళ్ళ వేశారు అని. అవునంటే ఆటో ఎక్కించి, నేనూ ఎక్కి, దారిలో దుఆ చదువుతాను.

మందు మీద ఆస్పిరిన్ అని పెద్ద అక్షరాలలో రాసి ఉండదు. వెనుకవైపు చిన్న అక్షరాలలో, కొన్నింటి మీద అసిటైల్ సాలిసిలిక్ యాసిడ్ అని ఉంటుంది. తలనొప్పి బిళ్ళలలో ఉంటుంది. దాదా, నానా గుండె కోసం రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల చిన్న బిళ్ళ కూడా తరచు అదే. పిల్లల జ్వరానికి వైద్యులు సాధారణంగా చెప్పేది పారాసెటమాల్. అదీ వయసును బట్టి ఊహించి కాక బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకూ మోతాదుకూ కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. అది మితిమీరినా కాలేయానికి చేటే. కీళ్లవాతపు జ్వరం, కవాసాకి వంటి కొన్ని జబ్బులలో వైద్యులే పిల్లలకు ఆస్పిరిన్ రాస్తారు. నా ఈ వ్యాసం చదివి వాటిని ఆపివేయకండి. ఆ పిల్లలకు ఫ్లూ గాని ఆటలమ్మ గాని వస్తే వెంటనే ఆ వైద్యుడికే చెప్పండి. ఇక డెంగీ అనుమానం ఉన్నప్పుడు రక్తస్రావం భయం వల్ల పెద్దలు సైతం ఆస్పిరిన్ జోలికి పోరాదు.

ఆటలమ్మ వచ్చిన పిల్లవాడు అల్లాహ్ దయవల్ల కోలుకున్నాడు. ఆ వారం రోజులూ వాడు ఒక్కసారి తుమ్మినా నా గుండె ఆగింది. వాడు మాత్రం మామూలుగానే అన్నంలోకి పచ్చడి కావాలని మారాం చేశాడు.

నన్ను వదలనిది మరొకటి. ప్రతి ఏటా పై తరగతికి నేను 'సుననె అబూదావూద్' బోధిస్తాను. రక్తపరిహారపు ప్రకరణంలో ఒక హదీసు వస్తుంది: వైద్యం ఎరుగనివాడు వైద్యానికి పూనుకుని హాని జరిగితే బాధ్యత అతడిదేనని దాని సారాంశం. నాటువైద్యుల ఉదాహరణలు, ఇంజెక్షన్లు పొడిచే కాంపౌండర్ల ఉదాహరణలు చెప్పి విద్యార్థులకు విశదం చేసేవాడిని. పాఠం ముగించి గదికి వెళ్లి అలమర తాళం తీసేవాడిని. ఆ రెండింటికీ సంబంధం ఉన్నదని ఇన్నేళ్లలో ఒక్క పూట తట్టలేదు.

ఆ పిల్లవాడి తండ్రి దగ్గరకు వెళ్లి చెప్పాలా? రెండు నెలలు ఆలోచించాను. నేను చెబితే నా బరువు దిగవచ్చు. కానీ ఆ నాలుగు బిళ్ళలు కొడుకు నోట్లో వేసినది ఆయన చేతులు. నా బరువు దించుకుని ఆ చేతుల మీద పెట్టి రావడం ఏమి న్యాయం? కారణం అదేనని ఎవరూ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. మా అమ్మాయిని అడిగితే "వాళ్లింట్లో ఇప్పుడు చిన్నపిల్లలున్నారా అబ్బా?" అని మాత్రం అడిగింది. ఉన్నారు. మనవలు ఇద్దరు.

ఒక జుమా నమాజు తర్వాత బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. ఆయన ముసలివాడైపోయాడు. చాయ్ తెప్పించాడు. నేను తాగక ముందే చెప్పాను. "భాయ్, ఆనాడు నేనిచ్చి పంపిన బిళ్ళలు ఆ వయసు పిల్లలకు ఇవ్వదగినవి కావు. నాకు తెలియదు. మీరు నా మాటను నమ్మి వేశారు. అందులో తప్పేదైనా ఉంటే నాది, మీది కాదు."

ఆయన చాలాసేపు నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. వాకిట్లో మనవడు సైకిలు టైరు దొర్లిస్తున్నాడు. "రెండే వేశాను హజ్రత్" అన్నాడు చివరికి. "మిగతా రెండు వాంతిలో పోయాయి." మళ్లీ మౌనం. తర్వాత లేచి లోపలికి వెళ్లి, కిటికీ గూట్లో నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. అందులో ఆయన గుండె మందులున్నాయి. వణికే వేళ్లతో ఒక రేకు తీసి నా చేతికిచ్చాడు.

"ఇదేనా?"

కళ్లద్దాలు పెట్టుకుని వెనుకవైపు చిన్న అక్షరాలు చదివాను. అదే. మోతాదు చిన్నది గాని, మందు అదే.

ఆయన కోడలిని పిలిచి, స్టూలు తెప్పించి, ఆ డబ్బాను అటక మీద పెట్టించాడు. ఆ తర్వాత, చాయ్ చల్లారిపోయింది, మళ్లీ వేడిచేసి తెమ్మని ఆమెతో అన్నాడు.