‘రాలేకపోతున్నానని’ ఒక్క మాటేనా?

శనివారం పొద్దున ఏడింటికి కూర్చుని పదిన్నర దాకా కదలకుండా రాశాను. లేచి మెడ తిప్పుకుంటూ తెర కింది మూల చూద్దును కదా, 412 అని ఉంది. రోజుకి వెయ్యి మాటలు రాయాలని నేనే పెట్టుకున్న నియమం. మూడున్నర గంటల కష్టానికి అందులో సగం కూడా నిండలేదు. ఒళ్ళు మండిపోయింది.

రెండు నెలల కిందట, ధ్యాస చెదరనివ్వని ఎడిటర్ అంటే కొనుక్కున్నాను. తెరవగానే తెరంతా తెల్లబడుతుంది. మెనూలుండవు, గడియారం ఉండదు, మెయిల్ వచ్చిందన్న గంట మోగదు. రాస్తున్న వాక్యం ఒక్కటే నల్లగా ఉంటుంది, మిగతాదంతా బూడిదరంగులో కలిసిపోతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2010లో ఐఏ రైటర్ ఐప్యాడ్ మీదికి వచ్చినప్పుడే రాస్తున్న చోటు తప్ప మిగతాది మసకబారే ఏర్పాటు తెచ్చింది. నేను కొన్నది ఆ తరవాత వచ్చిన వేరే సరుకు. దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. ఇక్కడ హ్యూస్టన్‌లో ఆసుపత్రి ఫార్మసీలో పగలంతా ఫోన్లు, అలారాలు విని ఇంటికొచ్చి ఆ తెల్లటి తెర ముందు కూర్చుంటే, తలంటు పోసుకుని ఉతికిన చీర కట్టుకున్నంత హాయిగా ఉంటుంది. వరుసకీ వరుసకీ ఎంత దూరం ఉండాలో, కర్సర్ ఏ నీలంలో ఉంటే కంటికి గుచ్చుకోదో ఎవరో కూర్చుని ఆలోచించారు. ఒక పనికి పనిముట్టు చెయ్యాలనుకుంటే ఈ దేశంవాళ్ళు ఎంత శ్రద్ధ పెడతారో చూస్తే ముచ్చటేస్తుంది. అంత ఆలోచించినవాళ్ళకి తెలుగు మాత్రం తట్టలేదు.

లెక్క సంగతే చూడండి. ‘రాలేకపోతున్నానని’ రాస్తే దానికి ఒక్క మాట. రావడం ఉంది, అది కుదరకపోవడం ఉంది, ఇప్పటికీ కుదరకుండానే ఉండటం ఉంది, రాలేనిది నేనేనని ఉంది, ఆ సంగతి ఇంకెవరికో చెప్పడం కూడా ఉంది. ఇంగ్లీషులో ఇదంతా చెప్పాలంటే ఆరేడు మాటలు కావాలి. అవి రాసినవాళ్ళకి ఆరేడు జమ, నాకు ఒకటి. అనుమానం తీరక నా పేరా ఒకటి ఇంగ్లీషులోకి మార్చి చూశాను. తెలుగులో 61 అన్నది ఇంగ్లీషులో 104 అయింది. సంగతి అదే, రాసింది నేనే. ‘వెళ్ళొచ్చేస్తానన్నాడట’కీ ఒకటే, ‘ఆ’కీ ఒకటే. ఒక పొడి అక్షరానికీ, మనిషి ప్రయాణం మొత్తం మోసే మాటకీ ఒకే కూలి ఇచ్చే లెక్క ఏం లెక్క?

పోనీ మాటలొద్దు, అక్షరాలు లెక్కపెట్టమన్నాను. ‘స్త్రీ’ రాస్తే ఆరు అంది. సకారం, పొల్లు, తకారం, మళ్ళీ పొల్లు, రకారం, గుడి దీర్ఘం. యంత్రం లోపల అది ఆరే, కాదనను. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే మన లిపికి 128 గడుల పెట్టె కేటాయించారు. అందులో వత్తులకి విడిగా గడులు లేవు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే రెండోది వత్తుగా మారి కిందికి దిగాలన్నది ఏర్పాటు. ఆ తెలివికి దణ్ణం పెడతాను. కానీ పలక మీద ‘స్త్రీ’ దిద్దిన ఏ పిల్లనైనా అడగండి, ఒక్క అక్షరమనే చెబుతుంది. మాటలు లెక్కపెడితే తక్కువొస్తాయి, అక్షరాలు లెక్కపెడితే ఎక్కువొస్తాయి. నా కష్టానికి సరైన కొలత ఈ రెండింట్లోనూ లేదు.

దిద్దడం ఇంకో యాతన. పేరా మొదట్లో ‘కిటికీ’ ఉంది. దాని ముందు కర్సర్ పెట్టి ఒక్కసారి డిలీట్ నొక్కాను. కకారం పోయింది, గుడి మిగిలింది. పట్టుకోవడానికి అక్షరం లేక ఆ గుడి చుక్కల సున్నా ఒకటి తెచ్చుకుని దాని నెత్తిన కూర్చుంది. అంత తెల్లటి తెర మీద అదొక్కటే, చుక్కల వలయం, పైన గుడి. చూపు అక్కడే ఆగిపోయింది, రాయబోయిన వాక్యం చెదిరిపోయింది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి వచ్చిన తంటా మీకు గుర్తుండే ఉంటుంది. కంటికి కనబడని గుర్తు ఒకటి కలిసిన ‘జ్ఞా’ ఉన్న సందేశం వస్తే ఆప్‌లు కుప్పకూలేవి. కొద్ది రోజుల్లోనే సరిదిద్దారు. ఆ వారం నాతో పనిచేసేవాళ్ళు కాగితం తెచ్చి, మీ భాషేనటగా, ఆ అక్షరం ఎలా ఉంటుందో రాసి చూపించమన్నారు. రాసి చూపించాను. మాకు ‘జ్ఞానం’ మొదలయ్యేది ఈ అక్షరంతోనేనని, తప్పు దాన్ని పలకలేకపోయిన ఫోనుదేనని చెప్పాను. అవసరానికి మించి గట్టిగానే చెప్పినట్టున్నాను.

మసకబారే వాక్యాల సంగతి చెప్పలేదు. మనం కర్తని మొదటి వాక్యంలో దింపేసి వెళ్ళిపోతాం. ఆ తరవాతంతా ‘వచ్చింది’, ‘కూర్చుంది’, ‘వెళ్ళిపోయింది’. వచ్చింది అమ్మ కావచ్చు, ఆవు కావచ్చు, బస్సు కావచ్చు, కరెంటు కావచ్చు. ఎవరన్నది పై వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యాన్నే ఈ ఎడిటర్ బూడిద చేసి దాచేస్తుంది. తెలుగులో ఏ వాక్యమూ ఒంటరిగా బతకదు, పైదాని కొంగు పట్టుకునే నడుస్తుంది. అందుకని ఆ మసక తీసేశాను. ఇప్పుడు పేజీ అంతా నల్లగానే ఉంటుంది.

వేళ్ళ విషయంలో మాత్రం తప్పు ఎడిటర్‌ది కాదు. ఇన్నేళ్ళూ నేను తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఆర్‌టీఎస్ అనే ఆ పద్ధతి పుట్టింది మా ఊళ్ళోని రైస్ యూనివర్సిటీలోనే. ఆర్‌టీఎస్‌లో మొదటి అక్షరం ‘రైస్’దే. ఆ పద్ధతిలో తెలుగు రాసిపెట్టే ‘లేఖిని’ వాడినవాళ్ళందరూ ఆ దారిన నడిచినవాళ్ళే. దేశం వదిలొచ్చిన మాలాంటివాళ్ళకి తెలుగు రాత మిగిల్చింది అదే, ఆ రుణం తీరేది కాదు. కానీ ‘కళ’ అని రాయాలంటే ఏది చిన్నబడి ఎల్, ఏది పెద్దబడి ఎల్ అని మనసు ఒక్క క్షణం అటు వెళ్ళొచ్చేది. గదిలో ఎంత నిశ్శబ్దం ఉన్నా ఆ రాకపోకలు ఆగేవి కావు. ఈ ఏడాది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నాను. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. కుడి నడిమి వేలు కింద క, ఎడమ చూపుడు వేలు కింద గుడి, ఎడమ నడిమి వేలు కింద పొల్లు. నెల రోజులు వేళ్ళు తడబడ్డాయి. ఆ తరవాత ఒక రోజు ‘తాతకి’ అని చెయ్యే రాసేసింది, నేను ఏ అక్షరమూ తలుచుకోలేదు.

అప్పుడు నాన్న గుర్తొచ్చారు. తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసేవారు. పక్కనే ట్రెడిల్ దడదడలాడుతుండేది, సిరా వాసన, ప్రూఫు కోసం వచ్చి నెత్తి మీద నిలబడేవాళ్ళు, శుభలేఖలు ఇంకా కాలేదా అని గొడవపడేవాళ్ళు. నాన్న ఎడమ చేతిలో స్టిక్కు, కుడి చెయ్యి కేసులో. కళ్ళు రాతప్రతి మీదే ఉండేవి. చెయ్యి తనంతట తనే గడిలోకి వెళ్ళి సీసపు అక్షరం పట్టుకొచ్చేది, దాని వత్తు ఇంకో గడిలోంచి వచ్చేది. అంత చప్పుడులో ఆయన పిలిస్తే పలికేవారు కాదు. నేను వెళ్ళి చొక్కా లాగాలి.

నేను ఈ తెల్ల తెరకి డబ్బిచ్చి కొనుక్కున్న ధ్యాస ఆయన చేతికి మామూలుగా ఉండేది. మీట దొరక్క తడుముకునే చేతికి ఏ తెల్లదనమూ దాన్ని ఇవ్వలేదు. ఎడిటర్ మాత్రం మానను. ఆ తెలుపు నాకు కావాలి. లెక్క చెప్పే మూలని కట్టేశాను. తయారుచేసినవాళ్ళకి ‘కిటికీ’ సంగతి, ‘స్త్రీ’ సంగతి బొమ్మలతో సహా రాసి పంపాను. ‘రాలేకపోతున్నానని’ సంగతి రెండుసార్లు రాశాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. అక్కడ ఆదివారం పొద్దున, వెనక కుక్కర్ కూతలు. నాన్న దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక అడిగింది.

“పెళ్ళిళ్ళప్పుడు చి.ల.సౌ. వెయ్యడానికి ‘సౌ’లు చాలక, పక్క ప్రెస్సుకి నిన్ను పంపేవారు కదే. గుప్పెట్లో పెట్టుకుని తెచ్చేదానివి. అది రాయలేదేం?”

“మర్చిపోయానమ్మా.”

“ఎన్ని తెచ్చేదానివో గుర్తుందా? నాలుగు. నాలుగూ మళ్ళీ లెక్కపెట్టి తిరిగిచ్చేసి రావాలి.”