తునకల పుల్లలు

ఈసారి గోడపత్రికకు 'మా ఇంటి పనిముట్టు' అని అంశం ఇచ్చారు. రోలు, చేట, తిరగలి గురించి మీలో చాలామంది రాస్తారని నాకు తెలుసు. మా ఇంట్లో పోయిన ఏడాది నుంచి వేరే పనిముట్టు ఒకటి ఉంది. దానికి తెలుగు పేరు లేదు, సాసేజ్ స్టఫర్ అంటారు. ఒక స్టీలు గొట్టం, లోపల ముందుకు జరిగే బిళ్ళ, తిప్పడానికి ఒక పిడి, చివర సన్నటి ముక్కు. మురుకుల గొట్టం చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు. తేడా ఒక్కటే. మురుకుల గొట్టంలోంచి పిండి నూనెలో పడుతుంది, దీంట్లోంచి కైమా పేగులోకి పోతుంది.

పేగు అనగానే ముఖం చిట్లించకండి. బోటి కూర ఇష్టమని చెప్పినవాళ్ళు మన క్లాసులోనే ఉన్నారు.

మాది కేజీఎఫ్. సినిమాలోది కాదు, నిజమైనది. 1880లలో జాన్ టేలర్ కంపెనీ బంగారం తవ్వడం మొదలుపెట్టాక చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం పనికి వచ్చారు. మా అమ్మ పెద్దలు పలమనేరు వైపు నుంచి వచ్చినారు, నాన్న పెద్దలు వేలూరు వైపు నుంచి. అందుకే అమ్మ తెలుగు, నాన్న తమిళం, బడిలో కన్నడం. మా ఇంట్లో పోట్లాట ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగుస్తుంది. కానీ చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా ఆ రెండు వైపులూ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉండేవి. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న, "అట్లయితే మీ అమ్మది మా జిల్లానే" అన్నాడు. అమ్మ, "కాదు, మీదే మా జిల్లా" అంది.

అమ్మ వాళ్ళ అమ్మ, అంటే మా అవ్వ, మాతోనే ఉంటుంది. ఈ మిషను మా ఇంటికి రావడానికి కారణం ఆమె పళ్ళు.

అవ్వకు అన్నిటికంటే ఇష్టమైనవి ఎండు తునకలు. పొట్టేలు మాంసాన్ని పొడుగు పొడుగు పేళికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దబ్బనంతో దారానికి గుచ్చి ఎండలో కట్టేది. నాలుగైదు రోజులకు అవి కట్టెల్లాగా ఎండుతాయి. ఇదే నాన్న వాళ్ళ ఇంట్లో ఉప్పుకండం. తాత గనిలోకి దిగేటప్పుడు రాగి సంగటితోపాటు కాల్చిన తునకలు రెండు గుడ్డలో కట్టిచ్చేదాన్నని అవ్వ చెబుతుంది. మా ఊరి గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. లోపల ఉక్క. అక్కడ కూర పులిసిపోతుంది, తునక మాత్రం చెడదు అనేది. తాత నేను పుట్టకముందే పోయినాడు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తునకలు మాత్రం మా ఇంట్లో ఆగలేదు.

మా ఊళ్ళో మాంసం ఎండబెట్టడం అంత సులభం కూడా కాదు. రాయిని పిండి చేసి, సైనైడు నీళ్ళతో బంగారం లాగేశాక మిగిలిన పొడి ఊరి నడుమ కొండల్లాగా పోసి ఉంది. సైనైడు దిబ్బలు అంటాం. గాలి తిరిగిందంటే ఆ దుమ్ము మిద్దె మీద బట్టల దాకా వస్తుంది. అందుకని అవ్వ గాలి చూసి గానీ తునకలు కట్టేది కాదు, కట్టినా పైన పాత పంచె కప్పేది.

రెండేళ్ళ కింద అవ్వకు పళ్ళన్నీ పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టిస్తే చిగురు ఒరుసుకుంటుందని వాటిని డబ్బాలో వేసి మూత పెట్టింది. తిండి తగ్గింది, రవికెలు వదులయ్యాయి. డాక్టరమ్మ చూసి గుడ్డు, పప్పు, మెత్తటి మాంసం పెట్టమంది. అమ్మ కైమా ఉడికించి, మెదిపి, అన్నంలో కలిపి పెట్టింది. అవ్వ గిన్నె పక్కకు నెట్టేసింది.

"నేనేమన్నా పసిబిడ్డనా? మెదిపింది నాకొద్దు. కొరికేదానికి ఏదన్నా ఒకటి ఉండాల."

కొరకడానికి పళ్ళు లేవు, కొరకకుండా తినడం ఇష్టం లేదు. ఇది మొండితనం అని మేము అనుకోలేదు. డెబ్బై ఏళ్ళు తన తిండి తాను కొరుక్కుని తిన్న మనిషికి చెంచాతో పెడితే ఎట్లుంటుందో ఆమె ముఖంలోనే కనిపించింది.

బెంగళూరులో హోటలు వంటింట్లో పనిచేసే మా మామ ఈ సంగతి విని, తను ఎప్పుడో కొని వాడకుండా పెట్టిన మిషను తెచ్చిచ్చాడు. "సన్నగా పుల్లల్లాగా చేసి ఆరబెట్టండి. పైన తొక్క పటుక్కుమంటుంది, లోపల కైమానే కదా, చిగుళ్ళతో అయినా తెగుతుంది" అన్నాడు. అసలు కిటుకు ఇదే. ఎండు తునకలో కండ నారలు పొడుగ్గా, ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. వాటిని తెంపేది పళ్ళే. కైమాలో ఆ నారలు ముందే తెగి ఉంటాయి.

పని ఇట్లా ఉంటుంది. అంగట్లో కిలో పొట్టేలు మాంసాన్ని, ఐదో వంతు కొవ్వు ఉండేట్టు, రెండుసార్లు మిషన్లో ఆడించి తెస్తాం. ముక్కు సన్నం కాబట్టి ఒక్క నరం ముక్క అడ్డం పడినా పిడి తిరగదు. తేగానే అరగంట ఫ్రీజర్లో పెడతాం. కొవ్వు చల్లగా ఉంటేనే చిన్న చిన్న గింజలుగా నిలుస్తుంది. చేతి వేడికి కరిగితే అంతా పూసుకుపోయి, ఉడికాక నూనె ఒకవైపు, పొడి మాంసం ఒకవైపు అవుతుంది. ఉప్పు, మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి, ఎండు మిరపకారం, కొంచెం ఐసు నీళ్ళు వేసి పిసకాలి. అరచేతికి అంటించి చెయ్యి బోర్లిస్తే ముద్ద కిందపడకూడదు, అంతదాకా పిసకాలి. అట్లా పట్టు వచ్చేది ఉప్పు వల్లే. ఉప్పు మాంసంలోని ప్రోటీనును బయటికి లాగి జిగురు చేస్తుంది.

పేగు సంగతి అవ్వ చూసుకుంటుంది. గొర్రె పేగును లోపలా బయటా గీకేస్తే మిగిలే పలచటి పొరనే ఉప్పులో వేసి అమ్ముతారు. మామ మొదటిసారి తెచ్చినప్పుడు అవ్వ వేళ్ళ మధ్య సాగదీసి చూసి, "ఇది బోటి కడిగేటప్పుడు వచ్చే తోలే కదా, దీనికి లెక్క ఇచ్చినారా?" అని నవ్వింది. కొలాజెన్ తొక్కలు కూడా దొరుకుతాయి, వాడడం సులభం. కానీ అవి ఎక్కువగా పశువుల తోలు నుంచి తీసేవి. మా ఇంటి వంట నాలుగు ఇళ్ళకు పోతుంది. వాళ్ళకు చెప్పకుండా పెట్టలేం, చెబితే కొందరు తినలేరు. అందుకని గొర్రె పేగే వాడతాం. గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, లోపలికి నీళ్ళు పోసి కడిగి, ముక్కు మీదికి మేజోడు తొడిగినట్టు ఎక్కించాలి.

ఇక పిడి తిప్పేది నాన్న, పేగు పట్టుకునేది నేను. దీనికి ఇద్దరు కావాల్సిందే. ముక్కు ఎంత సన్నమో పిడి అంత బరువు. తొందరపడితే పేగు పగులుతుంది, ఆగిపోతే గాలి బుడగ వస్తుంది. నేను "మెల్లగా" అంటాను, అమ్మ వెనకనుంచి నాన్నకు అర్థం కావాలని "మెదువా, మెదువా" అంటుంది. ముప్పై ఏళ్ళు తెలుగువాళ్ళ మధ్య ఉన్న మనిషికి మెల్లగా అంటే తెలియదా? ఆయన ఏమీ అనడు, రెండు మాటలకూ తిప్పుతాడు. బుడగ కనిపిస్తే సూదితో గుచ్చుతాం. జానెడుకు ఒకచోట మెలి వేస్తాం, ఒకసారి ఇటు, ఒకసారి అటు, లేకపోతే విడిపోతుంది. చివర్లో ముక్కులో ఇరుక్కున్న మాంసం ఎంత తిప్పినా రాదు. దాన్ని గీకి ఉండల పులుసు చేస్తుంది అమ్మ.

తర్వాత ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెడతాం. నడుమన వేడి 71 డిగ్రీలు వచ్చిందని థర్మామీటరు గుచ్చి చూశాకే దించుతాం. కోడిమాంసమైతే 74. ఆ తర్వాత ఓవెన్లో చిన్న మంట మీద, తలుపు కొంచెం తెరిచి, రెండు గంటలు ఆరబెడతాం. సైనైడు దిబ్బల గాలితో పని లేదు.

వేడి చూడకుండా ఎందుకు దించమో కూడా చెప్పాలి. కైమాలో బయటి మాంసం లోపలికి, లోపలిది బయటికి కలిసిపోతుంది, కాబట్టి క్రిములు నడుమ దాకా పోతాయి. 1820లలో జర్మనీలోని వూర్టెంబర్గ్ ప్రాంతంలో సాసేజీలు తిని జనం చచ్చిపోతుంటే యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ విషం గురించి పరిశోధించి రాశాడు. బొటులిజం అనే జబ్బు పేరు లాటిన్లో సాసేజీని చెప్పే మాట నుంచే వచ్చింది. కెర్నర్ కవి కూడా, ఈ ముక్క మన డిపార్ట్‌మెంటు కోసం చెబుతున్నాను. అంగళ్ళలో నెలల తరబడి నిలవుండే మాంసం పుల్లల్లో నైట్రైటు కలిపిన ఉప్పు వేస్తారు, పులుపు చేరుస్తారు, బాగా ఆరబెడతారు. మేము అవేవీ చెయ్యం. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినేస్తాం, మిగిలితే ఫ్రీజర్లోకి. అవ్వ తునకలు ఏడాది నిలిచేవి, ఇవి నిలవవు. ఆ మాట ఇరుగుపొరుగుకు పంపేటప్పుడు కూడా చెప్పి పంపుతాం.

ఎందుకింత సన్నంగా అని మామను అడిగాను. మందం రెట్టింపయితే వేడి నడుమకు చేరడానికి సుమారు నాలుగింతల సేపు పడుతుందన్నాడు. ఆరడం కూడా అంతే. సన్నంగా ఉంటే త్వరగా ఉడుకుతుంది, త్వరగా ఆరుతుంది, పళ్ళు లేని నోట్లో పడుతుంది. కానీ ఆ సన్నం ఊరికే రాదు. లావు ముక్కు పెట్టుకుంటే పది నిమిషాల్లో అయిపోయే పనికి ముప్పావుగంట పిడి తిప్పాలి. నాకు అప్పుడు అర్థమైంది, మిషను వచ్చి పని తగ్గలేదు. నమిలే పని అవ్వ దవడల మీద నుంచి మా చేతుల మీదికి మారింది, అంతే.

మొదటిసారి తిన్నప్పుడు అవ్వ ఒక పుల్లను చేత్తో పట్టుకుని, పక్క చిగుళ్ళతో నొక్కింది. పటుక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. అమ్మ నా వైపు చూసింది. అవ్వ మాత్రం మా ఇద్దరి వైపూ చూడకుండా మొత్తం తిని, "ఉప్పు చాల్లేదు" అంది.

ఉప్పు గొడవ ఇప్పటికీ తీరలేదు. అవ్వకు బీపీ. కిలోకు 15 గ్రాముల కంటే తగ్గిస్తే ముద్ద పట్టు రాదు, పెంచితే డాక్టరమ్మ ఊరుకోదు. కిలోకు 20 పుల్లలు వస్తాయి, అంటే ఒక్కోదాంట్లో ముప్పాతిక గ్రాము ఉప్పు. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందుకని రోజుకు రెండే అని అమ్మ లెక్క పెట్టింది. అవ్వ లెక్కలు నాకు తెలియవంటుంది కానీ డబ్బాలో ఎన్ని ఉన్నాయో రోజూ ఆమెకే తెలుసు. బరువు తగ్గడం ఆగింది.

నాన్న వాటా వేరే. ఆయన తెల్లారక ముందే రైలెక్కి బెంగళూరు పనికి పోతాడు, మా ఊళ్ళో సగం ఇళ్ళ మగవాళ్ళు, ఆడవాళ్ళు కూడా అంతే. నిలబడే చోటే దొరకని పెట్టెలో టిఫిను డబ్బా తెరవలేరు. పొట్టేలు కొవ్వు చల్లారితే అంగిలికి మైనంలాగా అంటుకుంటుంది. అందుకని నాన్నకు కోడి తొడ మాంసంతో చేస్తాం. ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి పుల్లకు. తాత గనిలోకి గుడ్డలో కట్టుకుని పోయినట్టే నాన్న కాగితంలో చుట్టుకుని రైల్లోకి పోతాడు.

వీటిని ఏమనాలో చాలా రోజులు తేలలేదు. నాన్న 'కుచ్చి' అన్నాడు, తమిళంలో పుల్ల అని. తమ్ముడు మాంసం మురుకు అన్నాడు. అవ్వ మాత్రం "తునకల పుల్లలు ఉండాయా, అయిపోయినాయా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ పేరే నిలిచింది. డిక్షనరీలో దొరకదు, వెతక్కండి.

పోయిన పెద్దల అమావాస్యకు తాతకు ఆకు వేసి పెట్టేటప్పుడు, ఆయనకు ఇష్టమని అమ్మ ఆ ఆకులో రెండు తునకల పుల్లలు పెట్టబోయింది. అవ్వ గోడ పట్టుకుని లేచి వచ్చి వాటిని తీసేసింది.

"ఆయప్పకు పండ్లన్నీ ఉండె. ఆయనకు తునకలే పెట్టండి. పుల్లలు నాకు."