కట్ట మీద చిలకరించిన నీళ్లు

తోటకూరైనా గోంగూరైనా ఉడికాకే కంచంలోకి వస్తుంది. కొత్తిమీర అలా కాదు, చారు దించాక పైన పడుతుంది. పుదీనా పచ్చిగానే పెరుగు పచ్చడిలోనూ పానీపూరీ నీళ్లలోనూ కలుస్తుంది. ఆకును అంటిపెట్టుకున్న బాక్టీరియా సెగ తగలకుండా కడుపులోకి వెళ్లేది ఈ దారినే.

గోదావరి డెల్టాలోని పెనుగొండ ప్రాంతంలో నీటికి కొదవ లేదు. చిక్కంతా ఆ నీటి శుభ్రంతోనే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి కాలవ నీళ్లే పొలానికీ, గేదెలకీ, బట్టలకీ, మంచినీళ్ల చెరువుకీ. గట్టు మీది ఇళ్ల మురుగూ అందులోకే దిగుతుంది. వేసవిలో కాలవలు కట్టేస్తే గుంటల్లో నిలిచిన నీళ్లే దిక్కు. వరద రోజుల్లో గోదావరి లంక పొలాల మీదికి ఎక్కుతుంది. మాగని గత్తం వేసిన మడిలో వాన చినుకు చిందితే చాలు, మట్టిలోని ఈ-కోలై, సాల్మొనెల్లా నేలబారున పెరిగే కొత్తిమీర ఆకుకు అంటుకుంటాయి. వీటిలో టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ మనిషిలో తప్ప పశువుల్లో కాపురం ఉండదు. అది ఆకు మీద ఉందంటే ఎవరి మలమో ఆ నీళ్లలోనో, ఆకును తాకిన చేతి మీదుగానో చేరిందన్నమాటే.

బజారుకు వచ్చాక జరిగేది ఇంకా ముఖ్యం. కోసిన కట్టలను వేళ్ల మట్టి పోయేదాకా కాలవలో జాడించి, తడి గోనెపట్టా కప్పి తెస్తారు. ఎండెక్కితే ఆకు వాడుతుంది. అమ్మే ఆవిడ పక్కనున్న బకెట్లో చెయ్యి ముంచి కట్టల మీద చిలకరిస్తుంది. అదే చేత్తో డబ్బులు పుచ్చుకుని చిల్లర ఇస్తుంది. మధ్యాహ్నానికి బకెట్ అడుగున ఆకు తునకలూ బురదా పేరుకుంటాయి. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో మురుగునీటితో పండిన కూరగాయలను పరీక్షిస్తే, పొలంలో కన్నా బజార్లోనే ఈ-కోలై ఎక్కువ కనిపించింది. ఇందులో ఆవిడను తప్పుపట్టడం అన్యాయం. దగ్గర్లో కుళాయి లేనప్పుడు ఆ నీళ్లు ఎక్కడ మార్చుకుంటుంది?

వైద్యుడి ముందుకు వచ్చేసరికి ఈ జాడ చెరిగిపోతుంది. షిగెల్లా అనే బాక్టీరియా వల్ల నెత్తురు విరేచనాలు ఒకటి రెండు రోజుల్లోనే పట్టుకుంటాయి కాబట్టి ఏం తిన్నారో గుర్తుంటుంది. టైఫాయిడ్ బయటపడటానికి వారం, రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రోజు రోజుకీ ఒక మెట్టు ఎక్కుతున్న జ్వరంతో పిల్ల వస్తుంది. ఇంట్లో క్యాన్ నీళ్లు తప్ప తాగరు, బయటి తిండి పెట్టరు. పచ్చి ఆకు సంగతి అడిగితే తల్లి "ఆయ్, కడిగే వేశానండి" అంటుంది. ఆమె చెప్పేది నిజమే. అప్పటికే మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు పడి ఉంటుంది, దాంతో రక్తం కల్చర్‌లో బాక్టీరియా దొరక్కపోవచ్చు. ఒక్క విడాల్ పరీక్షతో టైఫాయిడ్ అని తేల్చేయడమూ సరికాదు. కల్చర్‌కు రక్తం తీయాల్సింది మొదటి వారంలో, మందు మొదలుపెట్టకముందే.

మంచినీళ్లు బాగున్నా టైఫాయిడ్ వదలని ఊరికి చిలీ రాజధాని శాంటియాగో పెద్ద ఉదాహరణ. అక్కడ కుళాయి నీళ్లు శుద్ధమైనవే. ఊరి మురుగు కలిసిన నది నీళ్లతో మాత్రం పచ్చిగా తినే ఆకులు పండించేవాళ్లు. 1991లో కలరా భయంతో ఆ సాగును ఆపించారు. టైఫాయిడ్ కూడా కొద్దికాలంలోనే బాగా తగ్గిపోయింది.

ఇంట్లో కడగడం అవసరమే, కానీ దాని శక్తికి హద్దుంది. బాక్టీరియా కాడ మొదట్లో, ఆకు ముడతల్లో జిగురు పొరలా పట్టుకుంటుంది. బాగా కడిగితే పదో వంతుకో, మహా అయితే నూరో వంతుకో తగ్గుతుంది. చాలామంది నమ్మే ఉప్పునీళ్లు దాన్ని చంపవు. కట్టను కట్టగానే ముంచి తీస్తే లోపలి రెమ్మలకు నీరే తగలదు. వేళ్లు కోసి, కట్ట విప్పి, ధార కింద రెమ్మ రెమ్మా కడగాలి. తరిగిన ఆకును బయట ఉంచకూడదు, ఊరే రసం బాక్టీరియాకు మేత. చారు పొయ్యి మీద ఉండగానే కొత్తిమీర వేసి ఒక పొంగు రానిస్తే సాల్మొనెల్లా చస్తుంది, వాసన కొంత తగ్గినా. పుదీనాను మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి తీసి, కాచి చల్లార్చిన నీళ్లలో వేసి రుబ్బుకుంటే పచ్చరంగు కూడా నిలుస్తుంది.